తుపాకిమందు కొరతలో అమ్మకందారు, కొనుగోలుదారు: సురేకారం చరిత్రలో ఒక ఘట్టం (1774–1777)

వ్యాససంగ్రహం

1774 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం తుపాకిమందు ఎగుమతిని నిషేధించడంతో ఉత్తర అమెరికా వలసరాజ్యాలు తీవ్రమైన కొరతలో పడ్డాయి. ఆ కొరతకు మూలం మందులో ముప్పాతిక వంతు ఉండే సురేకారం. సరుకు దొరకని కాలంలో కొనేవారికీ అమ్మేవారికీ మధ్య నడిచిన హామీలు, తిరస్కారాలు, లెక్కల తేడాలు, బకాయిల ఆధారంగా ఈ వ్యాసం ఆ ఘట్టాన్ని పరిశీలిస్తుంది. ఒకరికి సరుకు దక్కకుండా చేసిన చర్యే కొంతకాలానికి మరొకచోట కొత్త అమ్మకందారును తయారుచేసిందనీ, ఆ వరుసకు మొదలు బీహార్ మట్టిగోడల దగ్గర ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సురేకారం, పెట్లుప్పు, నోనియాలు, ఈస్టిండియా కంపెనీ, తుపాకిమందు కొరత, బోమార్షే.

1. ఉపోద్ఘాతం

మతాబులు, చిచ్చుబుడ్లు కూరే ఇళ్లలో సురేకారం, గంధకం, బొగ్గు అనే మూడు పేర్లు పిల్లలకు కూడా తెలుసు. తుపాకిమందులోనూ ఉన్నవి ఈ మూడే. 18వ శతాబ్దపు ఇంగ్లీషు మందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. బొగ్గు ఏ అడవిలోనైనా దొరుకుతుంది. గంధకం అవసరం తక్కువ. కాబట్టి మందు కొరత అంటే ఆచరణలో సురేకారం కొరతే. తెలుగులో దీనికి రెండు పేర్లున్నాయి. 'సురేకారం'లో పారశీక 'షోరా' వినిపిస్తుంది. 'పెట్లుప్పు' మాత్రం అచ్చంగా మన మాట. పెట్లే ఉప్పు, అంటే పేలే ఉప్పు. ఒకటి వర్తకం వెంట వచ్చిన పేరు, మరొకటి వాడకంలో పుట్టిన పేరు.

అమెరికా స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఈ కొరత ప్రస్తావన లేని గ్రంథం అరుదు. అయితే ఆ ప్రస్తావన ఎక్కువగా స్వావలంబన కథగా సాగుతుంది: ప్రజలు తమ కొట్టాల్లోని మట్టిని వడగట్టి సురేకారం తీశారు, మిల్లులు కట్టారు, గెలిచారు. ఆనాటి రికార్డు దీనికి పూర్తిగా సరిపోదు. అందులో తయారీ కన్నా బేరం ఎక్కువ కనిపిస్తుంది. సరుకు కోసం అడిగినవారి విన్నపాలు, ఇవ్వలేనివారి సాకులు, ఇవ్వనివారి మర్యాదలు, ఇచ్చినవారికి అందని జవాబులు అందులో నిండి ఉన్నాయి. కొరతను అర్థం చేసుకోవడానికి ఈ బేరసారాలే మంచి ఆధారమని ఈ వ్యాసం భావిస్తుంది.

2. మట్టిగోడల నుంచి రేవు దాకా

గంగకు ఉత్తరాన హాజీపూర్, ఛప్రా ప్రాంతాలలో వానలు వెలిసిన తర్వాత ఊరి నేల మీద, పశువుల కొట్టాల దగ్గర, పాత మట్టిగోడల అడుగున తెల్లని ఉప్పు పూత పూస్తుంది. పశువుల మూత్రం, బూడిద, జనావాసపు చెత్త నేలలో మగ్గి, వేడికి పైకి తేలిన లవణమది. నోనియా కులస్థులు ఆ మట్టిని గీకి, మట్టి తొట్లలో నింపి, నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని కాచి చల్లార్చి, పలుకులు కట్టిన సురేకారాన్ని తీసేవారు. ఈ ముడిసరుకును మళ్లీ కాచి శుద్ధి చేస్తే గానీ మందుకు పనికిరాదు.

17వ శతాబ్దంలో ఐరోపా కంపెనీలు సురేకారాన్ని మొదట కోరమండల్ తీరంలోనూ కొన్నాయి. పులికాట్‌లోని గెల్డ్రియా కోట దగ్గర డచ్చివారు తుపాకిమందు తయారుచేయించి తమ తూర్పు స్థావరాలకు పంపేవారు. అయితే ఆ శతాబ్దం సగం గడిచేసరికి వర్తకం బీహార్ వైపు మళ్లింది. అక్కడి సరుకు విస్తారం, చవక. గంగ మీద పడవల్లో నేరుగా రేవుకు దిగేది. ఓడలకు అడుగుబరువుగా కూడా ఉపయోగపడేది కాబట్టి రవాణా ఖర్చు పెద్దగా పడేది కాదు.

ఈ దిగుమతి ఇంగ్లండులోని సామాన్య గృహస్థు జీవితాన్ని మార్చిన తీరు గమనించదగ్గది. అంతకుముందు అక్కడ రాజు పంపిన సురేకారపు మనుషులు ఎవరి కొట్టంలోనైనా, పావురాల గూటిలోనైనా, కొన్నిచోట్ల పడకగదిలోనైనా నేల తవ్వి మట్టి తీసుకుపోయే హక్కు కలిగి ఉండేవారు. జనం దీన్ని ఘోరమైన పీడగా భావించారు. 1656లో యజమాని అనుమతి లేకుండా ఇళ్లలోకి, నేలల్లోకి వెళ్లరాదని చట్టం వచ్చింది. ఆ చట్టం నిలబడటానికి పార్లమెంటు ఉదారత ఎంత కారణమో, తూర్పు నుంచి ఓడల్లో వచ్చిన సురేకారం కూడా అంతే కారణం. ఇంగ్లీషు గృహస్థు నేల తవ్వకం నుంచి బయటపడటం, బీహార్ పల్లెల గోడలు గీకబడటం ఒకే లెక్కలోని రెండు పద్దులు.

1693 చార్టరు నాటికి ఇంగ్లీషు ప్రభుత్వం ఈ సరుకుకు ప్రత్యేక ఖాతాదారు అయింది. కంపెనీ ఏటా 500 టన్నుల సురేకారాన్ని ప్రభుత్వ ఆయుధశాఖకు అమ్మాలి. టన్ను ధర శాంతికాలంలో 38 పౌండ్ల 10 షిల్లింగులు, యుద్ధకాలంలో 45 పౌండ్లు. యుద్ధం వస్తే ధర ఎంత పెరగవచ్చో ముందే రాసుకున్న ఒప్పందమిది. కొరతలో కొనేవాడిని నిజంగా కాపాడే ఏర్పాటు ఏదైనా ఉంటే అది ఇలాంటిదే. అలాంటి రక్షణ కంపెనీకి ఎదురుగా నిలబడిన ఇతరులెవరికీ లేదు.

నోనియాలకు అసలే లేదు. కంపెనీ మధ్యవర్తుల ద్వారా 'దాదనీ' పేరిట బయానా ఇచ్చి సరుకు రాయించుకునేది. వానలు సకాలంలో రాకపోయినా, వంటచెరకు ప్రియమైనా, శుద్ధిలో తరుగు ఎక్కువ పోయినా బయానాలో మిగిలింది నోనియా బాకీగా తర్వాతి ఏటికి మోయబడేది. 1758లో మీర్ జాఫర్ నుంచి క్లైవ్ బీహార్ సురేకారంపై గుత్తహక్కు సంపాదించడంతో ఉత్పత్తిదారుకు మరో కొనుగోలుదారు దగ్గరకు వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. డచ్చివారు, ఫ్రెంచివారు ఇంగ్లీషువారు వదిలిన వాటాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఏడేళ్ల యుద్ధంలో (1756–63) ఫ్రాన్స్ మందు లేక ఇబ్బందిపడటానికి ఈ గుత్త ఒక ముఖ్య కారణం. ఈ విషయం వ్యాసం చివరలో మళ్లీ అవసరమవుతుంది.

3. నిషేధం, ఖాళీ పీపాలు

బ్రిటన్‌కు ఇంత భద్రంగా సరఫరా ఉన్నందువల్ల దాని అమెరికా వలసరాజ్యాలు సొంత తయారీ గురించి పెద్దగా ఆలోచించలేదు. మందు ఇంగ్లండు నుంచే వచ్చేది. అందుచేత 1774 అక్టోబరు 19న రాజమంత్రిమండలి ఆయుధాల, తుపాకిమందు ఎగుమతిని నిషేధిస్తూ ఉత్తర్వు జారీచేసినప్పుడు, వలసరాజ్యాలకు ఉన్న ఒకే దుకాణం తలుపు మూసినట్లయింది. అంతకుముందే సెప్టెంబరు 1న బోస్టన్ సమీపంలోని మందుకొట్టులో ఉన్న సరుకును జనరల్ గేజ్ సైనికులు తరలించుకుపోయారు. డిసెంబరులో న్యూహాంప్‌షైర్ వాసులు పోర్ట్స్‌మత్ రేవు దగ్గరి కోటపై పడి అక్కడి పీపాలు పట్టుకుపోయారు. ఆ నెలల్లో ఇరుపక్షాలూ ప్రాణాల కన్నా ముందు పీపాల కోసం పరుగెత్తాయి.

1775 జూలైలో జార్జి వాషింగ్టన్ బోస్టన్ ముట్టడి సేనాధిపత్యం స్వీకరించినప్పుడు మందు నిల్వ 308 పీపాలని ఆయనకు నివేదిక అందింది. ఆగస్టు 3న నిజం బయటపడింది. మసాచుసెట్స్ సరఫరా సంఘం ఇచ్చిన లెక్క అంతవరకు సేకరించిన మొత్తానిది; అందులో ఎంత ఖర్చయిందో తీసివేయలేదు. కొట్టులో మిగిలినవి సుమారు 36 పీపాలు. సైనికుడికి తొమ్మిది తూటాలకు మించి రాదు. ఈ మాట విన్న సేనాని అరగంట సేపు నోరు విప్పలేదని అక్కడే ఉన్న జనరల్ సలివాన్ రెండు రోజుల తర్వాత రాశాడు.

సంఘం వారిది మోసం కాదు. వచ్చిన సరుకును, ఉన్న సరుకును ఒకే పద్దుగా చూపడం సరఫరా చేసేవారికి సహజంగా వచ్చే అలవాటు. తాము ఎంత చేశామో చెప్పే లెక్క అది. కొనేవాడికి కావలసింది మాత్రం తన చేతికి ఎంత అందుతుందనే లెక్క. సరుకు పుష్కలంగా ఉన్నప్పుడు ఈ రెండు లెక్కల తేడా ఎవరికీ పట్టదు. ఇక్కడ ఒక సైన్యం ఆ తేడాలో దాదాపు కూలిపోయేది. శత్రువుకు తెలియకూడదు కాబట్టి వాషింగ్టన్ ఆ నిజాన్ని తన సైన్యానికి కూడా చెప్పలేకపోయాడు. మరునాడే రోడ్ ఐలండ్ డిప్యూటీ గవర్నరు నికలస్ కుక్‌కు రాస్తూ, ఎంత స్వల్ప పరిమాణమైనా చిన్నచూపు చూడవద్దని కోరాడు. పీపాల్లో కొనే సేనాధిపతి దోసిళ్లలో అడిగే స్థితికి వచ్చాడు.

4. ఇంటి తయారీ, మిల్లు యజమాని మర్యాద

కాంటినెంటల్ కాంగ్రెస్ 1775లోనే సురేకారం తయారీ పద్ధతులు వివరించే చిన్న పుస్తకాన్ని ఫిలడెల్ఫియాలో అచ్చు వేయించింది. వైద్యుడు బెంజమిన్ రష్ పొగాకు కాడల నుంచి సురేకారం తీసే ప్రయోగాలు రాశాడు. వలసరాజ్యాలు బహుమతులు, నిర్ణీత ధరలు ప్రకటించాయి. ఫలితం ఎలా ఉందో తెలుసుకోవడానికి అబిగెయిల్ ఆడమ్స్ 1776 మార్చి 31న భర్తకు రాసిన ఉత్తరం ఉపయోగపడుతుంది. చట్టాలు చేసేటప్పుడు స్త్రీలను మరువవద్దని కోరిన ఉత్తరంగా అది ప్రసిద్ధం. సురేకారం తీస్తున్నావా అన్న భర్త ప్రశ్నకు ఆమె అందులోనే జవాబిచ్చింది: ఇంకా మొదలుపెట్టలేదు, సబ్బు వండటం అయిన తర్వాత ప్రయత్నిస్తానేమో, ఇంటిల్లిపాదికీ బట్టలు తయారుచేయడంతోనే సరిపోతున్నదని. కాంగ్రెస్ పుస్తకం చెప్పిన పని ఏ చేతుల మీద పడుతుందో ఈ సమాధానం తేటగా చూపుతుంది. బీహార్‌లో ఒక కులం తరతరాలుగా బతుకుదెరువుగా చేసిన పనిని ఇక్కడ గృహిణి సబ్బుకూ బట్టకూ మధ్య తీరిక చేసుకుని చేయాలని ఆశించారు.

సురేకారం ఉన్నా మందుగా కలిపి, నూరి, గుళికలు కట్టే మిల్లు కావాలి. 1775 నవంబరులో మసాచుసెట్స్ ప్రతినిధులు బోస్టన్ వెండిపనివాడు పాల్ రివియర్‌ను మిల్లు పనితీరు నేర్చుకు రమ్మని ఫిలడెల్ఫియా పంపారు. సమీపంలోని ఫ్రాంక్‌ఫర్డ్‌లో ఆస్‌వెల్ ఈవ్ అనే వ్యాపారి మిల్లు నడుపుతున్నాడు. వలసరాజ్యాల్లో అప్పటికి పనిచేస్తున్న బహు కొద్ది మిల్లుల్లో అదొకటి. రాబర్ట్ మారిస్, జాన్ డికిన్సన్ వంటి పెద్దలు రివియర్ చేతికి పరిచయలేఖ ఇచ్చారు. ఈవ్ దాన్ని కాదనలేదు, మన్నించనూ లేదు. అతిథిని మిల్లులో ఒకసారి నడిపించి చూపించాడు, అంతే. కొలతలు, పటాలు, పనివారితో సంభాషణ ఏవీ దొరకలేదు.

ఈవ్ ప్రవర్తనను దేశద్రోహ దృష్టితో చూసిన రచనలు ఉన్నాయి. ఆయన తరువాత బ్రిటిష్ పక్షం వహించి బహామాస్ వెళ్లిపోవడం వాటికి ఊతమిచ్చింది. అయితే 1775 నవంబరు నాటి ఆయన్ను వర్తకుడిగా చూస్తే సరిపోతుంది. కొరతలో ఆయన దగ్గరున్న అసలు సరుకు మందు కాదు, మందు చేసే తెలివి. మందు అమ్మితే లాభం. తెలివి చూపిస్తే మరో మిల్లు లేస్తుంది. బయటికి మర్యాద, లోపల మూసిన తలుపు. దుకాణదారు 'రేపు రండి' అన్నప్పుడు ఆ గొంతులో ఉండే చల్లని వినయం ఇందులో వినిపిస్తుంది. రివియర్ కంటితో చూసింది గుర్తుపెట్టుకున్నాడు. శామ్యూల్ ఆడమ్స్ ద్వారా ఒక మిల్లు పటం కూడా చేరింది. 1776లో బోస్టన్‌కు దక్షిణంగా స్టౌటన్‌లో, అంటే నేటి కాంటన్‌లో, మిల్లు పని మొదలుపెట్టింది.

కొత్త మిల్లుల మందుపై ఫిర్యాదులు వచ్చాయి. తడి మందు, సరిగా శుద్ధి కాని సురేకారపు మందు తుపాకిలో పేలక పొగ మిగిల్చేది. కొనేవాడికి గత్యంతరం లేనప్పుడు నాణ్యతే మొదట జారుతుంది. 1776 ఆగస్టు 28న కాంగ్రెస్ తనిఖీ లేని మందును ప్రభుత్వ కొట్లలో తీసుకోరాదనీ, తనిఖీదారులు వేగం, బలం, పొడితనం పరీక్షించి పీపాలపై సంయుక్త రాష్ట్రాల అక్షరాలు వేయాలనీ తీర్మానించింది. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కొత్త దేశం తన పేరును ముద్రగా వేసుకున్న తొలి సరుకుల్లో తుపాకిమందు ఉంది.

5. ఉప్పుకు బదులు మందు

ఇంటి తయారీ ఆలస్యమైన కొద్దీ బయటి బేరాలు విస్తరించాయి. 1775 జూలై 15న కాంగ్రెస్ తన ఎగుమతి నిషేధాన్ని తానే సడలించి, మందు, సురేకారం, గంధకం, ఆయుధాలు తెచ్చే ఓడలు అంతే విలువగల సరుకు తీసుకుపోవచ్చని తీర్మానించింది. బెర్ముడా దీవికి తిండిగింజలు ఈ వలసరాజ్యాల నుంచే వెళ్లాలి; సెప్టెంబరు నుంచి అవి ఆగిపోనున్నాయి. దీవి తరఫున హెన్రీ టకర్ ఫిలడెల్ఫియా వచ్చి ఉప్పు ఇస్తామన్నాడు. కాంగ్రెస్‌కు ఆ ఉప్పు అక్కరలేదు, పెట్లుప్పు కావాలి. ఆగస్టు 14 రాత్రి సెయింట్ జార్జ్ కొట్టులో నుంచి సుమారు 100 పీపాల మందు ఓడలకెక్కింది, గవర్నరు నిద్రలో ఉండగానే. తరువాత దీవికి ఆహారం పంపడానికి అనుమతి దొరికింది. ఈ సంగతి తెలియని వాషింగ్టన్ సెప్టెంబరు 6న బెర్ముడా ప్రజలకు మందు కోసం విజ్ఞప్తి రాశాడు. కుక్ పంపిన కెప్టెన్ విపుల్ అక్కడికి చేరేసరికి కొట్టు ఖాళీ అయి వారాలు గడిచాయి. ఒకే కొనుగోలుదారు తరఫున ఇద్దరు ఒకే సరుకు కోసం బయలుదేరి, ఒకరి సంగతి మరొకరికి తెలియకపోవడం ఆ కాలపు ఉత్తరాల వేగాన్ని చూపుతుంది.

కరీబియన్‌లోని డచ్చి దీవి సెయింట్ యూస్టేషియస్ పెద్ద బజారు. తేయాకు పెట్టెల్లో, బియ్యం పీపాల్లో దాచిన మందు అక్కడి నుంచి వచ్చేది. హేగ్‌లోని బ్రిటిష్ రాయబారి జోసెఫ్ యార్క్ ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశాడు. డచ్చి మిల్లులకు సురేకారం ఎక్కువగా బెంగాల్ నుంచే అందేది కాబట్టి, బ్రిటిష్ సైన్యంపై పేలిన మందులో కొంత, బ్రిటిష్ కంపెనీ కనుసన్నల్లో తీసిన బీహార్ సురేకారమే అయివుంటుంది. ఇంట్లోనూ బేరాలు శుభ్రంగా లేవు. 1775 సెప్టెంబరులో ఏర్పడిన రహస్య సంఘంలో సభ్యుడైన థామస్ విల్లింగ్ భాగస్వామిగా ఉన్న సంస్థకే మందు దిగుమతి ఒప్పందం దక్కింది. ఆ సంస్థకు నష్టభయం లేని లాభం చేకూరుతున్నదని కాంగ్రెస్‌లోనే విమర్శలు లేచాయి.

ఓర్లాండో స్టీవెన్సన్ 1925లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పోరాటపు తొలి రెండున్నరేళ్లలో అందుబాటులోకి వచ్చిన సుమారు 23 లక్షల పౌన్ల మందులో పదింట తొమ్మిది పాళ్లకు పైగా నేరుగా దిగుమతైనదో, దిగుమతైన సురేకారంతో చేసినదో. స్వావలంబన కథకు ఈ లెక్క గట్టి అడ్డంకి. కొట్టాల మట్టి వడగట్టినవారి శ్రమ నిజమే. యుద్ధాన్ని నడిపింది మాత్రం దిగుమతి.

6. ఫ్రాన్స్: ఒకప్పటి నిరాకరణ ఫలితం

దిగుమతుల్లో అధికభాగం ఫ్రాన్స్‌ది. ఏడేళ్ల యుద్ధంలో మందుకు అలమటించిన ఫ్రాన్స్ అమ్మకందారు ఎలా కాగలిగిందన్న ప్రశ్నకు సమాధానం ఆ అలమటింపులోనే ఉంది. బీహార్ సరుకు చేజారిన తర్వాత ఫ్రాన్స్‌కు తన నేలే మిగిలింది. 1775లో ఆర్థికమంత్రి టర్గో పాత గుత్తేదారుల వ్యవస్థను రద్దుచేసి, మందు తయారీకి నలుగురు నిర్వాహకులతో ప్రభుత్వ సంస్థను నెలకొల్పాడు. ఆ నలుగురిలో రసాయనవేత్త లావోసియే ఒకడు. ఆయన చేతిలో సురేకారం దిగుబడీ మందు నాణ్యతా రెండూ పెరిగాయి. ఉత్తర అమెరికా తన స్వేచ్ఛకు ఫ్రెంచి మందుకు రుణపడి ఉందని ఆయన 1789లో చెప్పుకున్నాడు. సొంత శాఖ గొప్పను కొంత పెంచి చెప్పుకున్నా, మాటలో నిజం లేకపోలేదు. 1758లో క్లైవ్ బిగించిన గుత్త ఫ్రాన్స్‌ను సొంత తయారీలోకి నెట్టింది. 1774 ఉత్తర్వు వలసరాజ్యాలను ఆ తయారీ దగ్గరకు చేర్చింది.

ఫ్రాన్స్ బహిరంగంగా అమ్మలేదు. 1776 జూన్ 10న ప్రభుత్వం రహస్యంగా ఇచ్చిన పది లక్షల లీవ్రలతో నాటకకర్త బోమార్షే 'రోడెరిగ్ హార్టలేజ్ అండ్ కంపెనీ' అనే సంస్థ తెరిచాడు. స్పెయిన్ నుంచి అంతే మొత్తం వచ్చింది. అటునుంచి వచ్చిన సైలస్ డీన్ కూడా వర్తకుడి వేషంలోనే ఉన్నాడు. 1777 వసంతంలో అంఫిత్రీత్, మెర్క్యూర్ ఓడలు పోర్ట్స్‌మత్ చేరాయి. ఆ శరత్తులో జరిగిన సారటోగా యుద్ధంలో ఆ సరుకు ఉపయోగపడింది. ధరకు బదులు పొగాకు రావాలి. పొగాకు రాలేదు, ఉత్తరాలకు జవాబూ రాలేదు. ఇదంతా ఫ్రెంచి రాజు కానుక, వర్తకం కాదని ఆర్థర్ లీ కాంగ్రెస్‌ను నమ్మించాడు. సరుకు దిగేవరకు కొనుగోలుదారు వినయం అమ్మకందారుకు తెలుసు. దిగిన తర్వాత ఆ వినయం ఎటుపోయిందో బోమార్షేకు అంతుపట్టలేదు. 1779 జనవరి 15న కాంగ్రెస్ అధ్యక్షుడు జాన్ జే కృతజ్ఞతలు, ఆలస్యానికి విచారం తెలుపుతూ ఉత్తరం రాశాడు. దాని వెంట సొమ్ము రాలేదు.

పాట్నా ఖాతాల్లో బాకీదారు సురేకారం తీసిన నోనియా. హార్టలేజ్ ఖాతాల్లో బాకీదారు మందు కాల్చుకున్న కాంగ్రెస్. 1793లో అలెగ్జాండర్ హామిల్టన్ లెక్క చూసి బోమార్షేకు 22 లక్షల 80 వేల ఫ్రాంకులు రావాలని తేల్చాడు. మరుసటి ఏడు, 1776లో అందిన పది లక్షల రసీదు బయటపడి ఆ లెక్క మళ్లీ వివాదంలో చిక్కింది. బోమార్షే 1799లో మరణించాడు. ఆయన వారసులకు అమెరికా ప్రభుత్వం 1835లో 8 లక్షల ఫ్రాంకులు ఇచ్చి ఖాతా మూసివేసింది.